డాక్టరమ్మ చెప్పిన రెండో మాట

సూర్యాపేటలో డాక్టరమ్మ నాకు రెండు మాటలు చెప్పింది. నేను నా భార్యకు ఒకటే చెప్పాను. రెండో మాట చెప్పకపోవడం వల్ల ఫిలోమిన ఏం అనుభవించిందో ఏడాది దాకా నాకు తెలియలేదు. ఈ లోపల మా కోదాడ విచారణలో, అంటే మా చర్చి సంఘంలో, నన్ను మంచి భర్త అన్నారు, విశ్వాసం గలవాడు అన్నారు, పండుగ నాడు మైకు చేతికిచ్చి మాట్లాడించారు. నేనూ మాట్లాడాను.

ఇప్పుడు ఆమె ఆరోగ్యం ఒక దారిన పడింది. పాప గోడ పట్టుకొని నడుస్తోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను. ఆమెను అడిగే రాస్తున్నాను. “రాసుకో. నన్ను మాత్రం పునీతురాలిని చెయ్యకు, నాకు గంత ఓపిక లేదు,” అన్నది.

ఆగస్టు

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. వారమంతా అక్కడే ఒక కిరాయి గదిలో ఉండి, శనివారం సాయంత్రం కోదాడ బస్సెక్కేవాణ్ణి. ఇంట్లో ఫిలోమిన, ఇంటర్ చదివే మా అమ్మాయి లూసీ ఉండేవారు. ఫిలోమిన ముందు గదిలో మిషన్ కుడుతుంది. వీధి మలుపు తిరగగానే ఆ మిషన్ చప్పుడు వినబడేది. అది వినబడితే ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు నాకు లెక్క.

ఆ నెలలో ఒక శనివారం చప్పుడు లేదు. సగం కుట్టిన జాకెట్టు సూది కిందే ఉంది. ఫిలోమిన గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని, రెండు వారాలుగా కూర్చునే నిద్రపోతున్నానని అప్పుడు చెప్పింది. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, “మిల్లుల పని మీదున్నవ్ గదా” అన్నది.

సూర్యాపేట ఆసుపత్రిలో ఒకే పూట రెండు సంగతులు బయటపడ్డాయి. ఫిలోమిన గర్భవతి. ఆమె గుండెలో ఒక కవాటం సన్నబడిపోయి ఉంది. చిన్నప్పుడు గరిడేపల్లిలో పుట్టింట్లో ఉండగా కీళ్ళ వాపులతో వచ్చిన జ్వరం గుండెను అలా చేసిపోయిందట. లూసీ పుట్టినప్పుడు ఎవరూ గమనించలేదు.

ఇంకో పరీక్షకు ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. “ఇంటాయన ఎవరు?” అని డాక్టరమ్మ నన్ను పిలిచింది. పెద్దావిడ, నిదానంగా మాట్లాడే మనిషి.

“చూడయ్యా, ఈ గుండెకు కాన్పు అంటే మామూలు బరువు కాదు. ఇప్పుడే తీయించుకుంటే ప్రమాదం తక్కువ. అది ఒక మాట. ఉంచుకుంటమంటే దానికీ దారున్నది. పట్నంల గుండె డాక్టరుకు చూపియ్యాలె. అవసరమైతే బెలూన్ పెట్టి వాల్వు వెడల్పు చేస్తరు. మందులు తప్పొద్దు, మంచం దిగొద్దు. గ్యారంటీ ఇయ్యలేను గని, గట్ల కని ఇంటికి పోయినోళ్ళు ఉన్నరు. ఆమెకు రెండూ చెప్పు. ఇద్దరు మాట్లాడుకొని నాకు చెప్పుండ్రి.”

బయటికి వచ్చి గది ముందరి బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి ఫిలోమిన వచ్చి పక్కన కూర్చుంది.

“ఏమన్నది?”

“తీసెయ్యాలన్నది. లేకుంటే నువ్వు దక్కవన్నది.”

“వేరే దారి లేదన్నదా?”

“లేదన్నది.”

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని, “ఇంటికి పోదాం పా,” అన్నది. అంతే.

ఎందుకు అట్లా చెప్పానో చాలాసార్లు ఆలోచించాను. భయపడ్డాను, అది నిజం. కానీ అది ఎలాంటి భయమో కూడా చెప్పాలి. ఆమె పోతే నేనెట్లా బతకాలి అనే భయం. ఆమె ఏమవుతుంది అన్నది దాని తర్వాత. ఇంకోటి సిగ్గు. ఇంటర్ చదివే కూతురున్న ఇంట్లో మళ్ళీ ఉయ్యాల అంటే మిల్లులో నవ్వుతారని సిగ్గు. డాక్టరమ్మ మొదటి మాట నా సిగ్గుకు మంచి అండ దొరికినట్టయింది. దాన్ని పట్టుకొని రెండోది వదిలేశాను.

మరి నేనెవరిని? మా విచారణలో పెళ్ళికి ముందు జంటలకు సిద్ధపాటు తరగతులు జరుగుతాయి. వాటిలో ఏళ్ళ తరబడి మాట్లాడినవాణ్ణి. కడుపులో పడ్డ బిడ్డ దేవుడు మనకు అప్పగించిన మనిషి, ఆ ప్రాణం తీసే హక్కు తల్లికీ లేదు, తండ్రికీ లేదు అని బోర్డు పక్కన నిలబడి చెప్పినవాణ్ణి. అది అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నమ్మకం నా ఇంటి గడపలోకి వచ్చి నిలబడినప్పుడు మాత్రం దాన్ని చూడనట్టు తల తిప్పుకున్నాను.

మిల్లులో లెక్కలు చూసే ఆయనకు మిర్యాలగూడలో తెలిసిన నర్సింగ్ హోమ్ ఉంది. కోదాడలోనైతే ఊరంతా తెలుస్తుందని అక్కడ మాట్లాడాను. సోమవారం పొద్దున తీసుకురమ్మన్నారు. ఫోన్లో ఫిలోమినకు చెప్పాను. ఆమె సరే అనలేదు, కాదనలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

ఆ వారం లూసీకి రోజూ ఫోన్ చేశాను. “అమ్మ మిషన్ తొక్కుతుంది నాన్నా. జర మంచిగనే ఉన్నట్టుంది. నేను బందుపెట్టమంటే వింటలేదు,” అన్నది. నాకు సంతోషమేసింది. మిషన్ చప్పుడు మళ్ళీ మొదలైందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కదా.

ఆ ఆదివారం

మా గుడిలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా ఏదైనా అవసరం ఉంటే పూజకు ముందు, గుడిలో ప్రార్థనలు చదివించే ఉపదేశి రాయప్పకు చెబుతారు. ఫలానా వారు ఫలానా దాని కోసం ఈ పూజ సమర్పిస్తున్నారని ఆయన మైకులో చదువుతాడు. ఎవరు వచ్చి చెప్పినా చదివేది మాత్రం ఇంటి మగమనిషి పేరుతోనే. ఆయన ఊళ్ళో లేకపోయినా, గుడి మెట్లెక్కి ఏళ్ళయినా, ఇంట్లో తాగి పడుకున్నా, పేరు ఆయనదే. చదివే రాయప్ప గాని వినే మేము గాని ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

సోమవారం మిర్యాలగూడ వెళ్ళాలి. ఆదివారం పూజలో మగవాళ్ళ వైపు కూర్చున్నాను. రాయప్ప గొంతు సవరించుకున్నాడు.

“జోజప్ప గారు తమ భార్య ఫిలోమిన ఆరోగ్యం కొరకు, ఆమె గర్భమందున్న బిడ్డ క్షేమం కొరకు ఈ దివ్యపూజను సమర్పిస్తున్నారు.”

జోజప్పను నేనే. ఒక్క క్షణం ఎవరి గురించో అనుకున్నాను. తర్వాత చెవులు వేడెక్కాయి. ఆడవాళ్ళ వైపు చూశాను. ఫిలోమిన ముసుగు సరిచేసుకొని పీఠం వైపు చూస్తోంది. నా వైపు తిరగలేదు.

పూజ అయ్యాక గుడి ముందు జనం నన్ను చుట్టుకున్నారు. “ఏం జోజన్నా, గీ వయసుల మళ్ళ పెండ్లికొడుకువైనవ్!” అని ఒకాయన నవ్వాడు. రాయప్ప నా చెయ్యి పట్టుకొని వదలలేదు. ఫాదర్ గారు వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. “ఫిలోమిన అంతా చెప్పింది. డాక్టర్లు ప్రాణాపాయం అన్నా మీరు బిడ్డను కాపాడుకుంటున్నారు. చాలా ధైర్యం,” అన్నారు.

“దేవుని చిత్తం ఫాదర్,” అన్నాను.

ఇల్లు చేరగానే తలుపు వేసి అడిగాను. “నన్ను అడగకుండ ఎందుకు చెప్పినవే?”

“నిన్ను అడిగితే వద్దంటవ్.”

“సచ్చిపోతవ్, ఎరుకేనా?”

“ఎరుకే. డాక్టరమ్మ చెప్పింది గదా.” ఆమె మిషన్ ముందు కూర్చుంది. “నీ పేరు మీదనే చదివిండ్రు. ఇగ నువ్వు గుడిల అందరి ముందట ఇచ్చిన మాట అయిపాయె. రేపు నన్ను మిర్యాలగూడ ఎట్ల తీసుకపోతవో పో.”

అప్పుడైనా చెప్పొచ్చు. వేరే దారి ఉన్నదని, పట్నంలో చూపించమన్నారని చెప్పొచ్చు. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. అందుకని చెప్పలేదు. సోమవారం ఒక్కణ్ణే మిల్లుకు వెళ్ళిపోయాను.

తర్వాత ఫాదర్ గారు మా కాన్వెంటులో నర్సుగా పనిచేసే సిస్టరును ఇంటికి పంపారు. ఆమె ఫిలోమినను వెంటబెట్టుకొని సూర్యాపేట వెళ్ళింది. మందులు రాశారు, పట్నం పోవడానికి చీటీ రాశారు. ఆ సాయంత్రం ఫిలోమిన ఫోన్ చేసింది.

“దారి ఉన్నదంట,” అన్నది.

“మంచిదే,” అన్నాను.

ఇద్దరం అక్కడితో ఆపేశాం.

అక్టోబరు, నవంబరు

జపమాల నెల వచ్చింది. వీధిలోని ఆడవాళ్ళు సాయంత్రాలు మా ఇంట్లోనే జపమాల చెప్పేవారట. ఫిలోమిన ప్రార్థన సగం చెప్పి ఊపిరి కోసం ఆగితే మిగతా సగం వాళ్ళు పూర్తి చేసేవారట. ఈ ‘అట’లన్నీ ఎందుకంటే నేను అక్కడ లేను. వానకాలం పంట వచ్చే రోజులు. నిడమనూరు వైపు నుంచి, నేరేడుచర్ల వైపు నుంచి వడ్ల ట్రాక్టర్లు మిల్లు ముందు బారులు తీరి ఉంటాయి. సెలవు అడగలేదు. అడిగితే ఇచ్చేవారే అనుకుంటాను.

ఫిలోమిన అక్క శౌరమ్మ వదిన గరిడేపల్లి నుంచి వచ్చి ఉండి వంట చేసిపెట్టేది. ఒక శనివారం నేను చెప్పులు విడుస్తుండగానే మొదలుపెట్టింది.

“రా మరిదీ రా. సుట్టమోలె వచ్చినవ్, చాయ పెట్టాల్నా?”

“ఎట్లున్నది వదినా?”

“దానికి మంచం దిగొద్దని డాక్టర్లు చెప్పిండ్రు. నీకు మిల్లు దిగొద్దని ఏ డాక్టరు చెప్పిండు?”

లోపల్నుంచి ఫిలోమిన, “అక్కా, ఊకో,” అన్నది. ఆ రెండు మాటలకే ఆయాసపడింది. లోపలికి వెళ్ళి చూస్తే నాలుగు దిండ్లకు ఆనుకొని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఛాతీ మీద ఎవరో బియ్యం బస్తా పెట్టి మరిచిపోయినట్టుందని చెప్పింది. రోజంతా బస్తాలు ఎత్తించేవాణ్ణి నేను. ఆ బరువు ఎంతో నాకు తెలుసు. సోమవారం మిల్లుకు పోయి సెలవు అడిగాను. సీజన్ మధ్యలో పోతే నీ జాగాలో ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. పెట్టుకోండి అని బట్టలు సర్దుకొని వచ్చాను. ఇదేదో గొప్ప కాదు. ఆగస్టులో చేయాల్సిన పని నవంబరులో చేశాను.

ఉప్పు లేని పప్పు వండడం నేర్చుకున్నాను. ఎంత బాగా వండినా అది తినేవాళ్ళకు కోపం తెప్పిస్తుంది. నీళ్ళు కూడా ఎక్కువ తాగొద్దన్నారు. ఒకసారి గిన్నె పక్కకు తోసి, “నువ్వు తిను,” అన్నది. నేను తిన్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ అదే కూర. లూసీ నెమ్మదిగా పచ్చడి సీసా తీసుకొని వసారాలోకి పోయేది. మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

సూర్యాపేట ఆసుపత్రిలో ఎదురుచూసే గదిలో మా జీవితం సగం గడిచింది. ఒక్క ఫ్యాను కింద అందరూ. పాలకీడు నుంచి కోడలిని తీసుకొచ్చిన ఒక ముసలమ్మ ఫ్యాను కింది తన జాగా ఇచ్చి, మజ్జిగ సీసా మూత తీసి నాకు అందించింది.

“తాగు బిడ్డా. నీకేం రోగం, మొకం గట్ల పీక్కపోయింది?”

“రోగం నాది పెద్దమ్మా,” అన్నది ఫిలోమిన. “మొకం ఒక్కటే ఆయనది.”

ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. ఫిలోమిన నవ్వబోయి దగ్గింది, దగ్గుతూనే నవ్వింది. ఎన్ని వారాల తర్వాత నవ్విందో. ఆ పెద్దమ్మ పేరు కూడా అడగలేదు నేను.

నవంబరు చివర పట్నంలో బెలూన్ పెట్టి కవాటం వెడల్పు చేశారు. లోపలికి తీసుకెళ్ళేముందు నన్ను చూసి, “జపమాల పట్టుకున్నవ్ గని చెప్తలేవ్. చెప్పు,” అన్నది. మంగళవార్త ప్రార్థన మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి చెబుతున్నది మధ్యలో మరిచిపోయాను. స్ట్రెచర్ మీద నుంచి ఆమే అందించింది.

మార్చి

బిడ్డ నెల ముందే వచ్చింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. అద్దాల పెట్టెలో పెట్టారు. బిడ్డ ఏడ్చిందని మేం సంతోషించేలోపే, తల్లికి అసలు ప్రమాదం కాన్పు తర్వాతే అని చెప్పి ఫిలోమినను ఇంకో గదిలోకి తీసుకెళ్ళారు. ఒక అంతస్తులో బిడ్డ, ఇంకో అంతస్తులో తల్లి. మెట్ల మీద నేను. లూసీ ఒక పూట పైన, ఒక పూట కింద ఉండేది.

పిలిస్తే తప్ప లోపలికి పోనివ్వరు. ఆ గది ఊడ్చే ఆమె చెత్తబుట్ట పట్టుకొని బయటికి వచ్చినప్పుడల్లా నా పక్కన ఒక్క క్షణం ఆగేది. “కండ్లు తెరిసింది.” “నీళ్ళడిగింది.” “పిల్ల ఎట్లున్నదని అడుగుతుంది, ఏం చెప్పాలె?” అని చెప్పి పోయేది. ఎవరూ ఆమెకు ఆ పని చెప్పలేదు. లోపల డాక్టర్లు చేస్తున్నది నాకు అర్థం కాలేదు. నేను ఆ మాటలు పట్టుకొని ఉన్నాను.

బిడ్డను చూడనిచ్చిన రోజు, అద్దంలోంచి దాని వేళ్ళు చూశాను. గోళ్ళు కూడా ఉన్నాయి. మిర్యాలగూడలో సోమవారం పొద్దున రమ్మన్న నర్సింగ్ హోమ్ గుమ్మం గుర్తొచ్చింది. అక్కడే కింద కూర్చున్నాను. సంతోషంతో కూర్చున్నాననుకొని నర్సు నీళ్ళు తెచ్చిచ్చింది.

పాపకు ఆగ్నెసు అని పేరు పెట్టి జ్ఞానస్నానం ఇప్పించాం. ఒంటికి తెల్లటి గౌను వేసింది ఫిలోమిన. ఇంత జబ్బులో ఇది ఎప్పుడు కుట్టిందా అనుకున్నాను. అడగలేదు.

సెప్టెంబరు

మరియమాత జన్మోత్సవం నాడు ఫాదర్ గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. డాక్టర్లు కాదన్నా మేమిద్దరం మోకాళ్ళ మీద నిలబడి నిర్ణయించుకున్నామని చెప్పాను. ఇంటి పెద్దగా నేను దేవుని మీద భారం వేశానని చెప్పాను. స్త్రీకి తన్ను తాను ఇచ్చుకోవడంలోనే మహిమ ఉందని కూడా, తరగతుల్లో చెప్పే అలవాటు కొద్దీ, చెప్పాను. చప్పట్లు కొట్టారు. కళ్ళు తుడుచుకున్నారు. నాకే నిజంగా అట్లా జరిగినట్టు అనిపించింది.

ఇంటికి వచ్చాక ఫిలోమిన పాపను పడుకోబెట్టి, మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. అందులోంచి బట్టలు తీసి ఒక్కొక్కటే మంచం మీద పరిచింది. లూసీకి జాకెట్లు, లంగాలు, పంజాబీ డ్రెస్సులు. ప్రతిదానికీ లోపల బట్ట ఎక్కువ వదిలి కుట్టింది. లూసీ పెద్దదైన కొద్దీ కుట్లు విప్పుకుంటూ పోతే సరిపోయేట్టు. వాటి కింద చిన్న తెల్ల గౌను ఒకటి. పిల్లలు మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకునే రోజు వేసుకునేలాంటిది, ఎనిమిదేళ్ళ పిల్లకు సరిపోయేది. కడుపులో ఉన్నది ఆడపిల్లేనని అప్పుడే అనుకుందేమో.

“బాగ చెప్పినవ్ గుడిల,” అన్నది. “గట్ల చెప్పిన మనిషి ఆనాడు నా పక్కన ఉంటే బాగుండు.”

ఆమె ఆ తెల్ల గౌను అంచు సవరించింది.

“సిస్టరుతోని సూర్యాపేట పోయిన రోజు డాక్టరమ్మ నన్ను కోపం చేసింది. ‘రెండు దారులు ఆనాడే మీ ఆయనకు చెప్పిన కదమ్మా, ఇన్ని దినాలు ఏం చేసిండ్రు?’ అని. అప్పటిదాక నాకు ఒక్కటే దారి ఎరుక. బిడ్డను ఉంచుకుంటే నేను పోతనని. ఆ వారం మిషన్ ఎందుకు తొక్కిన్నో ఇప్పుడు ఎరుకైందా?”

నేను ఫోన్లో విని సంతోషించిన చప్పుడు అది. చచ్చిపోతున్నానని అనుకుంటూ, ఆయాసపడుతూ, పిల్లలకు రాబోయే ఏళ్ళన్నిటికీ బట్టలు కుట్టిపెట్టింది. చనిపోవడానికి సిద్ధపడి మరీ బిడ్డను ఉంచుకుంది. అంత సిద్ధపడాల్సిన అవసరమే లేదు. అది నేను తెచ్చిపెట్టింది.

“ఏడాది సంది ఎందుకు అడగలే?” అన్నాను.

“నువ్వే చెప్తవని సూసిన.”

ఆమె బట్టలన్నీ మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య అవసరమైన మాటలే నడిచాయి. మందు వేసుకున్నవా, పాలు వచ్చినయా, కరెంటు పోయిందా, అంతే.

తపస్సుకాలం

ఆ పండుగ అయిన కొన్నాళ్ళకు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనానికి వెళ్ళి అంతా చెప్పాను. అక్కడ విన్నది ఫాదర్ గారు బయటపెట్టకూడదు, నేను చెప్పుకోవచ్చు కనుక ఆయన మాటలు రాస్తున్నాను. దేవుడు క్షమిస్తాడు, దానికి అనుమానం వద్దన్నారు. మైకు ముందు చెప్పిన అబద్ధాన్ని మైకు ముందే సరిచెయ్యమన్నారు. “తల్లికి వైద్యం చేయించొద్దని మన కతోలిక తిరుసభ ఎన్నడు చెప్పింది జోజప్పా? ఇద్దరినీ కాపాడుకునే దారి వెతకమనే కదా చెప్పేది. ఆ దారి నీ చేతిలో పెట్టి పంపితే నువ్వు జేబులో దాచుకున్నావు,” అన్నారు. తర్వాత, “నిస్వార్థం గురించి నువ్వు చాలా బాగా చెబుతావు. ఎప్పుడూ ఆడపిల్లల వైపు తిరిగే చెబుతావు,” అన్నారు. ఆయన కోప్పడి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

వెంటనే చెయ్యలేదు. క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం పోయింది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలయ్యాక ఒక ఆదివారం పూజ చివర లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పిందని, నేను ఒకటి దాచానని, మిర్యాలగూడలో మాట్లాడిపెట్టింది నేనేనని, నా పేరుతో చదివిన విన్నపం ఫిలోమినదని చెప్పాను. చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. బయట గేటు దగ్గర ఒకాయన, “ఇంట్ల ముచ్చట ఇంట్లనే ఉంచుకోవాలె జోజన్నా, గిదేంది?” అని విసుక్కున్నాడు. రాయప్ప మాత్రం తర్వాతి వారం నుంచి, విన్నపం చెప్పినవాళ్ళు ఆడవాళ్ళయితే వాళ్ళ పేరుతోనే చదువుతున్నాడు. మొదటిసారి చదివినప్పుడు గుడిలో అందరూ తలలు తిప్పి చూశారు.

ఇది చదివేవాళ్ళలో ఇలాంటి గుమ్మం దగ్గర నిలబడినవాళ్ళు ఉంటే వాళ్ళకు రెండు మాటలు. బిడ్డను నిలుపుకోవాలన్నదే నా విశ్వాసం. కానీ ఆ మాట భార్యతో అనే ముందు, మనం ఏం వదులుకుంటున్నామో చూసుకోవాలి. పూజలో ఫాదర్ గారు ‘ఇది మీ కొరకు అర్పించబడు నా శరీరము’ అంటూ అప్పాన్ని పైకెత్తినప్పుడు, తన శరీరాన్నే మనకు ఇచ్చినవాణ్ణి తలుచుకుంటాం. ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద ఉండి ఆ మాటలు విన్నాను. అవి భార్యలకు మాత్రమే చెప్పినట్టు విన్నాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు ఆమెకు చెప్పండి. ఇంకో డాక్టరును అడగండి. మిల్లు దిగండి. ఇక, భయంతోనో బలవంతం మీదనో కడుపు తీయించుకునే ఆ గదిలోకి వెళ్ళి వచ్చినవాళ్ళను రాయితో కొట్టడానికి ఇది రాయలేదు. ఆ గది మాట్లాడిపెట్టినవాణ్ణి నేను. నాకు దొరికిన క్షమ వాళ్ళకూ ఉంది.

పోయిన వారం ఫిలోమిన ఇంజెక్షన్ కోసం సూర్యాపేట వెళ్ళాం. అది క్రమం తప్పకుండా వేయించుకుంటూ ఉండాలి. ఇప్పటికీ రెండు అంతస్తులు ఎక్కితే ఆగి నిలబడుతుంది. మిషన్ గంటసేపు మించి తొక్కదు. డాక్టరమ్మ గది ముందు ఆ బల్లే ఖాళీగా ఉంటే కూర్చున్నాం. ఆగ్నెసు నా ఒళ్ళో కూర్చుని చొక్కా గుండీ పీకుతోంది.

“గుడిల అందరికి చెప్పినవ్,” అన్నది ఫిలోమిన, ఎదురుగా గోడను చూస్తూ. “ఫాదరుకు చెప్పినవ్. ఇప్పుడు కాయితం మీద గూడ రాస్త అంటున్నవ్. నాతోని ఒక్కనాడు అనలే.”

నిజమే. వందల మంది ముందు లేచి నిలబడ్డవాణ్ణి, ఆమె ముందు నోరు విప్పలేదు. మా ఇళ్ళల్లో మగవాళ్ళు భార్యలను క్షమించమని అడగరు. అడిగిన నాన్నను గాని, తాతను గాని నేను చూడలేదు. పాపను ఆమె ఒళ్ళోకి ఇచ్చాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. ఆ రోజు ఇక్కడే కూర్చుని ఆమె నన్ను, డాక్టరమ్మ ఏమన్నదని అడిగింది. ఆ ప్రశ్నకే జవాబు చెప్పాను.

“ఫిలోమినా, డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. తీయించుకుంటే ప్రమాదం తక్కువన్నది. ఉంచుకుంటమంటే గూడ దారున్నది, పట్నంల చూపియ్యిండ్రి అన్నది. ఆమెకు రెండూ చెప్పు, ఇద్దరు మాట్లాడుకొని రాండ్రి అన్నది. నేను నీకు చెప్పలే, నీతోని మాట్లాడలే. నిన్ను ఒక్కదాన్నే సావుకు తయారుగ కూసోవెట్టిన. పైగ నీ ధైర్యం నాదని గుడిల చెప్పుకున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి.”